పర్మిట్ గడువు తీరిన కవి

సింగపూర్‌కు పడమటి కొస తువాస్. అవతలి ఒడ్డు మలేషియా. 1998లో తెరిచిన రెండో వంతెన ఇక్కణ్ణుంచే సముద్రం దాటుతుంది. ఓడలకు మరమ్మతులు చేసే యార్డులు, ఫ్యాక్టరీలు, సముద్రాన్ని పూడ్చి కడుతున్న మహా రేవు, వీటి నడుమ వలస కూలీల డార్మిటరీలు. ఒక్క తువాస్ వ్యూ డార్మిటరీలోనే పదహారు వేలకు పైగా పడకలు. ఒక్కో గదిలో రెండంతస్తుల ఇనప మంచాలు. మంచం చువ్వకు తడి తువ్వాలు, కింద సేఫ్టీ బూట్లు, దిండు పక్కన చార్జింగ్‌లో ఫోను. అక్కడ ఒక మనిషికి సొంతమైన చోటు అంతే. కవిత రాయాలన్నా ఆ చోటులోనే రాయాలి, పై మంచం మీది మనిషి నిద్ర చెడకుండా.

వారమంతా లారీ వెనక కూర్చుని సైటుకు పోయే మనిషి, ఆదివారం సెలవు దొరికితే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని లిటిల్ ఇండియాకు బయలుదేరతాడు. 2017లో తువాస్ లింక్ స్టేషన్ వచ్చాక రైల్లోనే పోవచ్చు గానీ, దారి మాత్రం గంటకు పైనే. ఇంటికి డబ్బు పంపాలి, సరుకులు కొనాలి, ఊరివాళ్లను చూడాలి. అందరూ వెళ్లేది ఆ పనుల మీదే. కొందరు బెంగాలీ కుర్రాళ్లు మాత్రం అక్కడే రోవెల్ రోడ్డులోని ‘దిబాశ్రమ్’ అనే చోటికి చేరేవారు. సింగపూర్‌లో ‘బాంగ్లార్ కంఠ’ అనే బెంగాలీ పత్రిక నడిపే ఏకేఎం మొహసిన్ 2011లో దాన్ని తెరిచారు. అక్కడ పాట పాడొచ్చు, తబలా వాయించొచ్చు, రాసుకొచ్చిన కవిత చదవొచ్చు. వారంలో ఆరు రోజులు హెల్మెట్ కింద ఉన్న తల ఆ ఒక్క పూటా కవి తల అయ్యేది.

ఆ కవుల్లో ఒకడు జాకిర్ హుసేన్ ఖోకన్. స్వదేశమైన బంగ్లాదేశ్‌లో పత్రికలకు రాసే అలవాటున్నవాడు. 2003లో సింగపూర్ వచ్చి నిర్మాణ రంగంలో చేరాడు. కట్టిన పని నాణ్యతను తనిఖీ చేసే ఉద్యోగం దాకా ఎదిగాడు. రాత మాత్రం వదల్లేదు. ఎక్కడ అచ్చవుతుంది? ఎవరు చదువుతారు? పదేళ్లకు పైగా ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఏ భాషలో రాస్తున్నాడో ఆ భాష చుట్టూ ఉన్న నగరానికి రాదు. ఏ నగరం గురించి రాస్తున్నాడో ఆ నగరం సొంత ఊరివాళ్లకు తెలియదు. రెంటికీ నడుమ నిలబడి రాయడం ఎంత ఒంటరితనమో పరాయి దేశంలో ఉండి తెలుగులో రాసేవారికి వేరే చెప్పాలా?

2014లో సింగపూర్‌లో వలస కార్మికుల కవితల పోటీ మొదలైంది. మొదటి ఏడాది అది బెంగాలీ కవితలకే పరిమితం. విజేత పేరు చదివారు: జాకిర్ హుసేన్ ఖోకన్. భార్యను వదిలి వచ్చిన మగవాడి ఎడబాటును జేబు చుట్టూ అల్లి చెప్పిన కవిత ‘పాకెట్’ పేరుతో ఇంగ్లీషులోకి వెళ్లి, అతను ఎన్నడూ కలవని పాఠకుల చేతుల్లో పడింది. మరుసటి ఏడాది పోటీలో, 2015లో, మళ్లీ అతనే గెలిచాడు. అంతవరకూ పని తప్ప పేరు లేని మనిషిని సింగపూర్ సాహిత్య సభలు పేరు పెట్టి పిలవడం మొదలైంది.

ఇక్కడ జాకిర్ చేసిన పని నాకు అతని బహుమతుల కంటే పెద్దదిగా కనిపిస్తుంది. తలుపు తెరుచుకోగానే తానొక్కడే లోపలికి వెళ్లిపోలేదు, వెనకవాళ్లను చేయిపట్టి లాగాడు. ‘వన్ బ్యాగ్ వన్ బుక్’ పేరుతో కూలీల సంచుల్లో పుస్తకాలు పెట్టి చదివించాడు. వలస రచయితలను ఒక గుంపుగా కూడగట్టాడు. 2018లో వచ్చిన ‘కాల్ అండ్ రెస్పాన్స్’ సంకలనానికి స్థానిక కవి జాషువా ఇప్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన రోలిండా ఎస్పనోలాలతో పాటు సంపాదకత్వం వహించాడు. ఆ పుస్తకంలో ఒక వలస కవి కవిత, దానికి బదులుగా ఒక స్థానిక కవి కవిత. అచ్చు పుటల్లోనైనా యజమాని దేశమూ కూలీ దేశమూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నాయి.

ఆ రోజులు మరి కొందరికీ మంచి రోజులే. నిర్మాణ స్థలాల్లో పనిచేసే మరో బంగ్లాదేశీ, ఎండీ షరీఫ్ ఉద్దీన్, తన డైరీని ‘స్ట్రేంజర్ టు మైసెల్ఫ్’గా 2017లో వెలువరించాడు. ల్యాండ్‌మార్క్ బుక్స్ వేసిన ఆ పుస్తకానికి 2018 సింగపూర్ బుక్ అవార్డుల్లో ఉత్తమ కాల్పనికేతర గ్రంథం బహుమతి వచ్చింది. వృత్తి రచయితలు ఏళ్ల తరబడి ఎదురుచూసే గౌరవం ఒక కూలీ డైరీకి దక్కింది.

తర్వాత 2020 వచ్చింది. ఏప్రిల్‌లో డార్మిటరీల గేట్లు మూశారు. కిక్కిరిసిన గదుల్లో కోవిడ్ దావానలంలా పాకింది. ఆ ఏడాది చివరికి డార్మిటరీల్లోని దాదాపు 3,23,000 మందిలో 47 శాతానికి వైరస్ సోకినట్టు ప్రభుత్వమే ప్రకటించింది. నగరం మళ్లీ తెరుచుకున్నాక కూడా వీళ్లకు పనిచోటూ డార్మిటరీయే లోకం. రోవెల్ రోడ్డు లేదు, ఆదివారం లేదు, కవితా సభ లేదు. షరీఫ్ ఆ కాలాన్నీ రాశాడు, 2021లో రెండో పుస్తకంగా వచ్చింది.

జాకిర్ కూడా చూసింది దాచుకోలేదు. 2021 అక్టోబరులో జురాంగ్ వైపున్న వెస్ట్‌లైట్ జలన్ తుకాంగ్ డార్మిటరీలో, తిండి బాగాలేదని, కోవిడ్ సోకినవారిని వెంటనే తరలించడం లేదని కూలీలు ఆగ్రహించారు. దాని మీద ఫేస్‌బుక్‌లో రాశాడు. 2022లో వర్క్ పర్మిట్ పునరుద్ధరణకు వెళితే రాలేదు. అప్పీలు చేసినా ఫలితం లేకపోయింది. ఆ జూన్‌లో సంగతి తానే బయటపెట్టాడు. పందొమ్మిదేళ్ల ఉద్యోగం పోయింది.

మానవ వనరుల శాఖ తన వాదన చెప్పింది. అతను వలస కార్మికుల తరఫున పనిచేసినా, రచనలు చేసినా ఇన్నేళ్లూ పర్మిట్ పొడిగిస్తూనే వచ్చామంది. ఆ పోస్టులో కూలీలను పని బానిసలని, డార్మిటరీలను వర్క్ క్యాంపులని అన్నాడని, అది తప్పుదోవ పట్టించేది, రెచ్చగొట్టేది అని చెప్పింది. పర్మిట్ గడువు తీరితే విదేశీయుడికి ఇక్కడ పనిచేసే అర్హత తీరినట్టేనంది. చట్టం ప్రకారం ఆ మాట నిజమే. కానీ ఒక మాట తప్పయితే తప్పని ఖండించవచ్చు, మరో మాటతో ఎదుర్కోవచ్చు. బువ్వ తీసేయడం జవాబు కాదని నా నమ్మకం.

పుస్తకాల మీద దెబ్బలు మనకు కొత్త కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో రాసిన ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. శ్రీశ్రీ ముప్ఫైల్లోనే చాలావరకు రాసిన ‘మహాప్రస్థానం’ పుస్తకమై బయటికి రావడానికి 1950 దాకా ఆగాల్సివచ్చింది. అయినా వాళ్లు తమ నేల మీద నిలబడి దెబ్బ తిన్నారు. వలస రచయితకు ఆ నేలే లేదు. మామూలు రచయిత కుంగిపోయేది పుస్తకం అమ్ముడుపోకపోతే, సమీక్ష రాకపోతే. ఇతనికి బహుమతి వచ్చిన రోజు కూడా పర్మిట్ మీద ఒక గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీ యజమాని చేతిలో, ప్రభుత్వం చేతిలో ఉంటుంది.

అదే 2022లో, సెప్టెంబరు 1న, తువాస్ మహా రేవును అప్పటి ప్రధాని లీ సియెన్ లూంగ్ లాంఛనంగా ప్రారంభించారు. 2040ల్లో పూర్తయ్యేసరికి ఏటా 6.5 కోట్ల కంటైనర్లను అందుకునే రేవు అది. దాన్ని కడుతున్న చేతుల్లో మన చేతులూ ఉన్నాయి. వెల్డింగ్‌కో, రిగ్గింగ్‌కో అక్కడికి వెళ్లిన మనవాళ్లలోనూ రాత్రి ఫోను వెలుగులో నాలుగు లైన్లు రాసుకునేవాడు ఎవరో ఒకరు ఉండే ఉంటాడు. మీ తమ్ముడో, మీ మేనల్లుడో అలా ఏదైనా వాట్సాప్‌లో పంపితే చదివి ఊరుకోకండి, దాచండి. పత్రికలు నడిపేవారికీ నా విన్నపం ఒకటే: తువాస్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చే ఆ రాతలకు మీ పేజీల్లో చోటివ్వండి. తన పేరు అచ్చులో వద్దంటే మారుపేరుతోనైనా వేయండి.