మెనిక్ ఫామ్ నిర్వాసితుల శిబిరం

శ్రీలంక అంతర్యుద్ధం (1983–2009) చివరి దశలో ఇళ్లు విడిచిన తమిళ పౌరుల కోసం ఆ దేశ ప్రభుత్వం వవునియా జిల్లా చెట్టికుళం వద్ద నడిపిన శిబిర సముదాయం మెనిక్ ఫామ్. దేశ ఉత్తరాన ఉన్న వన్ని ప్రాంతంలో సైన్యానికీ తమిళ వేర్పాటువాద సాయుధ సంస్థ ఎల్‌టీటీఈకీ మధ్య చిక్కి, పలుమార్లు తావు మారుతూ ముల్లైతీవు తీరానికి చేరిన కుటుంబాలను 2009లో ఇక్కడికి తరలించారు. యుద్ధం ముగిసిన మే నెల తరువాత ఇక్కడ 2 లక్షలకు పైగా జనం ఉన్నారు. శిబిరంలోని విభాగాలకు రామనాథన్, అరుణాచలం, ఆనంద కుమారస్వామి, కదిర్‌గామర్ వంటి ప్రముఖ తమిళుల పేర్లు పెట్టారు.

చుట్టూ ముళ్లకంచె, సైనికుల కాపలా ఉండేవి. 2009 డిసెంబరు 1 వరకు లోపలివారికి స్వేచ్ఛగా బయటికి వెళ్లే వీలు లేదు. ఎల్‌టీటీఈ సభ్యులన్న అనుమానంతో వేలమందిని విడదీసి పునరావాస కేంద్రాలకు పంపారు. భర్తలు మరణించిన, గల్లంతైన, నిర్బంధంలో ఉన్న కుటుంబాల్లో నీటి వరుసల నుంచి పిల్లల పోషణ వరకు సమస్త భారం స్త్రీలదే అయింది. 2009 ఆగస్టు వానలకు డేరాలు, మరుగుదొడ్లు మునిగాయి.

శిబిరాన్ని 2012 సెప్టెంబరులో మూసివేశారు. చివరిగా వెళ్లినవారిలో ఉన్న ముల్లైతీవు జిల్లా కెప్పాపులవు గ్రామవాసుల సొంత భూములు అప్పటికి సైన్యం అధీనంలోనే ఉన్నాయి. వారిని వేరేచోట దింపారు.