పటము చూచి కట్టిన విమానములు

1899వ సంవత్సరము మే 30వ తేదీన అమెరికాలోని డేటన్ పట్టణమునుండి విల్బర్ రైట్ అను సైకిళ్ళ వ్యాపారి వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థకు ఒక లేఖ వ్రాసెను. ఎగురువిద్యను గూర్చి ఆ సంస్థ ప్రచురించిన పత్రములను పంపుమనియు, ఇతర గ్రంథముల పట్టికను తెలుపుమనియు అందు కోరెను. వారు కొన్ని చిన్న పొత్తములను, ఒక పట్టికను పంపిరి. నాలుగేండ్లు గడచిన పిదప, 1903 డిసెంబరు 17వ తేదీన, విల్బర్, అతని తమ్ముడు ఆర్విల్ కలిసి కట్టిన యంత్రము మనుష్యుని మోసికొని గాలిలోనికి లేచెను. మొదటి పర్యాయము అది ఎగిరినది 12 సెకనులు, 120 అడుగులు మాత్రమే. విమానయుగమునకు తలుపు తెరచినవాడు పుస్తకముల కొరకు ఉత్తరము వ్రాసిన పాఠకుడని గ్రంథాలయాభిమానులు గుర్తింపదగును.

ఆ యంత్రమున ముస్తాబాదు పరిసరముల వారికి కొత్తయైన వస్తువు మిక్కిలి తక్కువ. దాని ఎముకల గూడు కర్ర. రెక్కలపై కప్పినది నూలుబట్ట. పంకాలను త్రిప్పినవి గొలుసులు. ఇంజనును చేసినవాడు వారి దుకాణములోని పనివాడైన చార్లీ టేలర్. వడ్రంగి, కమ్మరి, నేతగాడు పంచుకొనదగిన పని యది. మగ్గముల చప్పుడు నడుమ పెరిగిన సిరిసిల్ల సీమవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

రైటు సోదరులు తమ విధానమునకు పేటెంటు పొంది, దాని కొరకు న్యాయస్థానములకెక్కిరి. పారిసులో నివసించిన బ్రెజిలు దేశీయుడు సాంటోస్ డ్యూమాంట్ మార్గము వేరు. వెదురుబొంగులు, పట్టుగుడ్డలతో తాను కట్టిన ‘డెమొయిసెల్’ అను చిన్న విమానమునకు అతడు హక్కులు కోరలేదు. దాని పటములు 1910లో ఒక అమెరికా మాసపత్రికలో అచ్చయినవి. ఇల్లు కట్టువాడు నక్షా ముందుంచుకొని గోడలు లేపినట్లు, పటము ముందుంచుకొని విమానము కట్టు ఆచారమునకు అట్లు మార్గము ఏర్పడెను. అదే సంవత్సరమున మదరాసులో హోటలు నడుపుచుండిన డి ఏంజెలిస్ అను ఐరోపావాసి తన సొంత నమూనా ప్రకారము సింప్సన్ కంపెనీ బండ్ల కర్మాగారమున ఒక విమానమును చేయించి, పల్లావరము మైదానమున ఎగురవేసెను. దక్షిణదేశమున గుర్రపుబండ్లు చేసిన చేతులే విమానమును చేసినవి.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమునందలి చెర్రీ గ్రోవ్ అను పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అను మెకానిక్కు ఉండెను. విమానపు ఇంజను వెల సామాన్యునకు అందరానిది. అందుచేత అతడు 1929లో ఫోర్డు మోడల్-ఏ కారు ఇంజనును కర్ర విమానమునకు అమర్చి ఎగిరెను. 1932లో పటములు అచ్చుపడగా పల్లెటూరి కొట్టములలో అట్టి విమానములు వెలసినవి. నేటికిని వాటిని చూచి కట్టువారు కలరు.

అయితే అచ్చుపడిన ప్రతిదియు సత్యము కాదను పాఠమును ఈ చరిత్రయే నేర్పినది. ఫ్రెంచిదేశీయుడు హెన్రీ మిగ్నే 1933లో ‘ఆకాశపు పేను’ అను హాస్యనామముతో ఒక బుల్లి విమానమును ఎగురవేసి, 1934లో దానిని కట్టు విధమును పుస్తకముగా వెలువరించెను. మరుసటి సంవత్సరము దానిమీద ఇంగ్లీషు కాలువను దాటెను. ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములలో వందలకొలది జనులు తమ తమ ఇండ్లలో దానిని కట్టనారంభించిరి. అంతలో ప్రమాదములు మొదలయ్యెను. ముక్కు క్రిందికి వ్రాలిన విమానము తిరిగి లేవక నేలను తాకి, పలువురు ప్రాణములు కోల్పోయిరి.

లోపమెక్కడనో 1936లో గాలిసొరంగములందు జరిపిన పరీక్షలు తేల్చెను. ఆ విమానమున ముందురెక్క వెనుకరెక్కకు మిక్కిలి చేరువగా ఉండెను. నిటారుగా దిగునపుడు నడుపువాడు కడ్డీని వెనుకకు లాగి ముందురెక్కను పైకెత్తినచో, రెండు రెక్కల నడుమ సందులో దూసుకొనిన గాలి వెనుకరెక్కనే అధికముగా లేపుచుండెను. తోక పైకెగసి, ముక్కు మరింత క్రుంగుచుండెను. ఎంత లాగిన అంత కీడు. ఇంగ్లండులో అనుమతులు నిలిచిపోయెను. మిగ్నే తరువాతి నమూనాలలో దోషమును సవరించెను. పుస్తకమును నమ్మి కట్టినవారి శ్రద్ధలో లోపము లేదు. కట్టుటకు మునుపు జరుగవలసిన పరీక్ష ప్రాణనష్టము తరువాత జరిగినది.

కట్టిన పిమ్మట కాపాడుటయు కట్టుటవంటిదే. రెక్కగుడ్డకు డోపు అను లేపనము పూసిన అది ముడుచుకొని, డప్పుతోలువలె బిగియును. గుడ్డ చినిగిన కుట్టి, పైన మరియొక పట్టీ అంటింపవలెను. రెక్కలోని దూలము విరిగినచో మేకు కొట్టి నిలుపరాదు. కర్ర మందమునకు పది పన్నెండు రెట్లు పొడవున ఏటవాలుగా చెక్కి, జిగురుతో అతుకవలెను. నిట్టనిలువు అతుకు కొద్ది జిగురుపై భారమంతయు మోపును. ఏటవాలు అతుకు దానిని విశాలముగా పంచును. చేసిన ప్రతి మరమ్మతును తేదీతో పుస్తకమునకెక్కింపవలెను. ఆ లెక్క తప్పినచో తరువాత ఎగురువానికి దిక్కులేదు.

1979లో అమెరికా రూపకర్త బర్ట్ రూటన్ ‘లాంగ్-ఈజీ’ విమానమును వెలువరించెను. నురుగుదిమ్మలను కాగిన తీగతో కోసి, వాటిపై గాజునారతో నేసిన బట్టను రెసినుతో అంటించు పద్ధతి యది. కర్ర పోయినను నేతబట్ట విమానమును వీడలేదు. 1959లో స్థాపింపబడిన, బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు ఆ నమూనా ఆధారముగానే ఒక పరిశోధనవిమానమును నిర్మించి 1987లో ఎగురవేసిరి. గాజుబట్టతోనే నిర్మితమైన వారి ‘హంస’ 1993 నవంబరు 17వ తేదీన మొదటిసారి ఆకాశమునకు లేచెను. సిరిసిల్ల ప్రాంతమునుండి ఎందరో బ్రతుకుదెరువునకు వెళ్ళిన ముంబయి నగరమున అమోల్ యాదవ్ అను విమానచోదకుడు తన ఇంటి మిద్దెపై విమానమును కట్టెను. 2016లో అది ప్రదర్శింపబడెను. 2017లో దానికి ప్రభుత్వపు నమోదు లభించెను.

గ్రంథాలయపు బీరువాలోని పుస్తకము చదువరికి దారి చూపును, భారము మోయదు. భారము మోయునది చదివినదానిని పరీక్షించి చూచు బుద్ధి, తప్పును తప్పని ఒప్పుకొని సరిదిద్దు చేయి. విల్బర్ రైట్ పుస్తకములు తెప్పించుకొనెను. వాటిలోని లెక్కలు పొసగనపుడు తానే చిన్న గాలిపెట్టెను చేసి, కొలిచి, కొత్త లెక్కలు వ్రాసికొనెను. అటు పిమ్మటనే ఎగిరెను.