గడియ గిన్నె నుండి గణకయంత్రము వరకు

అశోక్‌నగర్‌లో బసచేసి, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో పోటీపరీక్షకు చదువుకొను విద్యార్థి యొకడు, అరగంట కొకమారు మ్రోగుటకై ఫోనులో గంట పెట్టుకొన్నాడనుకొందము. అది మ్రోగిన పిదప చేతిలోని లెక్క ముగించి, ఒక నిమిషము గడచినాక మరల అరగంటకు పెట్టుచుండును. ఉదయము 8 గంటలకు మొదలిడినచో పదవ మ్రోత మధ్యాహ్నము 1 గంటకు వినిపించవలెను గదా! కాని 1 గంట 9 నిమిషములకు వినిపించును. నారాయణగూడలోని అతని మిత్రుడు గోడ గడియారమును చూచి 8.30, 9, 9.30 అని వేళలు పాటించినచో, అతనికిని ఒక నిమిషము ఆలస్యము కావచ్చును. కాని అది పోగుపడదు.

ఈ చిక్కు గణకయంత్రములతో పుట్టినది కాదు. అడుగున రంధ్రముగల రాగి పాత్రను సూర్యసిద్ధాంతము వర్ణించినది. నీటిపై నుంచినచో అది అహోరాత్రములో 60 మారులు మునుగును. ఒక్కొక్క మునుక ఒక గడియ, అనగా 24 నిమిషములు. మన 'గడియారము' అను మాటలో ఆ గడియయే నిలిచియున్నది. అయితే పాత్రకు ఒక్కమారు మునుగుటయే తెలియును. దానిని తీసి, నీరు పారబోసి, మరల తేల్చువాడు కావలికాడు. గంట కొట్టువాడును అతడే. ముందు ఏది చేయవలెను? గంట కొట్టి తరువాత పాత్రను తేల్చినచో, కొట్టుటకు పట్టిన కాలమంతయు లెక్కనుండి జారిపోవును. పైగా ఒక దెబ్బకంటె ఏడు దెబ్బలకు ఎక్కువ సేపు పట్టును. కనుక తప్పు కూడ సమానముగా నుండదు. ముందు పాత్రను తేల్చి, పిదప గంట కొట్టుట మేలు. అప్పటికిని మిగిలిన తప్పును, సూర్యోదయమున క్రొత్తగా లెక్క మొదలిడి తుడిచివేయవచ్చును. (రాత్రి మేల్కొన్నవానికి గడియ తెలిసినను జాము తెలియుట లేదని, గడియల తరువాత జామును గూడ కొట్టుమని ఆజ్ఞాపించినట్లు బాబరు తన ఆత్మకథలో వ్రాసికొన్నాడు. చిన్న సంస్కరణమే గాని తెలివైనది.)

ఒక్క పనిని మాత్రమే చేయు యంత్రము గడియారము వంక చూచుచు కూర్చున్నను నష్టము లేదు. పలువురికి పనిచేయవలసి వచ్చినప్పుడు ఆ చూపు దండుగ. 1961లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో కార్బటో బృందము ప్రదర్శించిన కాలవిభజన పద్ధతిలో, గడియారమే యంత్రమును తట్టి, చేయుచున్న పనిని ఆపించి, మరియొకరి వంతును గుర్తుచేసెడిది. నేటి కార్యక్రమకర్త 'ఇంత సేపటి కొకసారి ఈ పనిని పిలువుము' అని యంత్రమునకు అప్పగించి తన దారిని తాను పోవును. అట్లు అప్పగించిన పనినే కాల్‌బ్యాక్ అందురు. 1997లో నెట్‌స్కేప్ 4తో జావాస్క్రిప్టునకు 'సెట్‌ఇంటర్వల్' అను ఆజ్ఞ వచ్చినది. వెబ్ పుటలు వ్రాయువారికి ఈ సౌకర్యము చేతికందినది. పని ముగిసిన పిదప మరల గడువు పెట్టుట మన గ్రంథాలయ విద్యార్థి పద్ధతి. మొదటి క్షణమునుండి లెక్కించి తరువాతి వేళను నిర్ణయించుట నారాయణగూడ మిత్రుని పద్ధతి. పనికిని పనికిని నడుమ ఎడము ముఖ్యమైనచోట మొదటిది చాలును. వేళ ముఖ్యమైనచోట చాలదు.

లెక్కించు కొలతయే తప్పైనచో రెండవ పద్ధతియు కాపాడదు. 1991లో సౌదీ అరేబియాలోని ధహ్రాను వద్ద నుండిన పేట్రియట్ క్షిపణి రక్షణ యంత్రము కాలమును సెకనులో పదవ వంతులుగా లెక్కించెడిది. పదవ వంతు అను భిన్నము ద్విసంఖ్యామానములో ఎన్నటికిని ముగియదు. దానిని 24 స్థానములకు సరిపెట్టుటచే అణుమాత్రము తగ్గినది. 100 గంటలు ఆపక నడచుసరికి ఆ లోపము సుమారు 0.34 సెకను అయినది. ఫిబ్రవరి 25న వచ్చుచున్న స్కడ్ క్షిపణిని యంత్రము తప్పు చోట వెదకినది. 28 మంది అమెరికా సైనికులు మరణించిరి. యంత్రమును ఒకమారు ఆపి మరల నడిపియున్నచో లెక్క సున్నకు వచ్చియుండెడిది, కావలికాని సూర్యోదయము వలె. చాల సేపు ఆపక నడుపుట మంచిది కాదని నాలుగు రోజుల ముందే హెచ్చరిక వెళ్ళినది. ఎంతసేపైనచో 'చాల సేపు' అగునో అందులో లేదు. దిద్దిన కార్యక్రమము ధహ్రానునకు చేరినది ఫిబ్రవరి 26న.