పల్లవి పదిమందిది

మన జాతీయగీతమునకు బాణీ పుట్టినది మదనపల్లెలోనే యని ఆ ప్రాంతమువారు చెప్పుకొందురు. వాయల్పాడు (నేటి వాల్మీకిపురము), పుంగనూరు, కుప్పము వైపు ఏ బడిపంతులుగారిని కదిపినను ఈ మాట కొంత గర్వముతోనే వినిపించును. కలకత్తావారు ఇది విన్నచో నవ్వుదురు. 1911 డిసెంబరు 27న తమ యూరిలో, కాంగ్రెసు మహాసభలో పాడిన పాటకు 1919లో మదనపల్లెలో బాణీ పుట్టుట యెట్లని వారి ప్రశ్న. ప్రశ్న సమంజసమైనదే. అయినను మదనపల్లెవారి మాటను పుకారని త్రోసివేయుటకు వీలులేదు. పాట పుట్టుట యొకటి. పుట్టిన పాట పదిమంది గొంతులకు సరిపడునట్లు అమరుట వేరొకటి. ఈ రెండవ పని మదనపల్లెలో జరిగినది. అదెట్టి పనియో తెలియవలెనన్న కొంత దూరము తిరిగి రావలెను. ఆ తిరుగుడులో ఒక దారి అమెరికా మీదుగా పోవును.

గుంపుగా పాడుట మనకు కొత్త కాదు. వాయల్పాటి పట్టాభిరామస్వామి కోవెలగల సీమ అది. తరిగొండ వెంగమాంబ పుట్టిన యూరు ఆ సమీపముననే యున్నది. భజనగోష్ఠిలో ముందుపాటవాడొకడు ఎత్తుకొనును, వెనుకవారు అందుకొందురు. కోలాటములో, బుర్రకథలో, వీథిభాగవతములో ఇదియే పద్ధతి. ఎందరు పాడినను స్వరము మాత్రమొక్కటే. స్త్రీలు, పిల్లలు పై స్థాయిలో, పురుషులు క్రింది స్థాయిలో పాడవచ్చును గాని, 'గ' అన్నచోట అందరును 'గ' అనవలసినదే. అచ్చట ఒకడు 'స' పలికెనా, పాపము, వానికి శ్రుతి తప్పినదందుము.

పాశ్చాత్యుల బృందగానములో దీనినే కోరి చేయుదురు. గొంతులను నాలుగు తెగలుగా విభజింతురు: స్త్రీలలో హెచ్చు, తగ్గు గొంతులు, పురుషులలో హెచ్చు, తగ్గు గొంతులు. పైతెగ అసలు పాట పాడుచుండగా అడుగుతెగ పునాదివంటి స్వరమును పట్టుకొనును. నడుమ రెండు తెగలును ఆ రెంటికి పొత్తు కుదురు స్వరములను పలుకును. పై గొంతు 'గ' యన్నప్పుడు క్రింది గొంతు 'స', నడిమి గొంతు 'ప' యన్నచో వినువారికి మూడు పాటలు వినబడవు. ఒకే పాట బరువెక్కి, వెడల్పై వినవచ్చును. ఇట్లు గొంతులకు వంతులు వేయుటయే అమరిక. అమర్చువాడు పాటను మార్చడు, పాట నిలుచుటకు అరుగు కట్టును.

19వ శతాబ్దపు అమెరికాలో ఈ విద్య ప్రజల సొత్తయ్యెను. అందుకు ఒక కారణము బడి. 1838లో బోస్టను నగరపు బడులలో సంగీతమును పాఠముగా ప్రవేశపెట్టిరి. ఆ పనికి పూనుకొన్నవాడు లోవెల్ మేసన్. రెండవ కారణము అంగడి. అచ్చువేసిన పాటకాగితములు సరసమైన ధరలకు దొరకుచుండెను. నడితరగతి యిండ్లలో పియానో చేరెను. రేడియోగాని గ్రామఫోనుగాని లేని యాకాలమున పాట వినవలెనన్న ఇంటివారే పాడుకొనవలెను. చరణము ఒకరు, పల్లవి నలుగురు. ఆ కాగితములమీద ఆ వంతులు స్పష్టముగా అచ్చయి యుండెడివి.

ఈ యంగడికి మకుటము లేని మహారాజు స్టీఫెన్ ఫాస్టరు. 1826 జూలై 4న పిట్స్‌బర్గు చెంత పుట్టెను. 1851లో వెలువడిన 'ఓల్డ్ ఫోక్స్ ఎట్ హోమ్' అను అతని పాట అమెరికాను, పిమ్మట ప్రపంచమును చుట్టివచ్చినది. పాటలో ఒక నది పేరు కావలసివచ్చి, మొదట వ్రాసిన పేరు నచ్చక, భూపటములో వెదకి ఫ్లోరిడాలోని నది పేరొకటి ఎన్నుకొనెను. ఆ నదిని అతడెన్నడును చూచి యెరుగడు. ఇంకొక వింత యేమన, ఆ పాట మొదట అచ్చయినప్పుడు కర్తగా క్రిస్టీ అను నాటకమేళపు యజమాని పేరున్నది. ఆ గౌరవమునకు అతడు ఫాస్టరునకిచ్చినది 15 డాలర్లు. మరుసటి యేడే ఫాస్టరు తన పేరు తనకిమ్మని జాబు వ్రాసెను గాని పని జరుగలేదు. 1864 జనవరిలో న్యూయార్కులో మరణించునాటికి అతని సంచిలో మిగిలినది 38 సెంట్లు. ఆ పాటను 1935లో ఫ్లోరిడా తన రాష్ట్రగీతము చేసికొనెను.

ఒక సంగతి దాచరాదు. ఈ పాటలలో కొన్ని తెల్లవారు ముఖములకు మసి పూసికొని నీగ్రోలను వెక్కిరించు మేళములకై వ్రాసినవి. ఎంత తీయని బాణీయైనను ఆ మసి దానికి అంటియే యున్నది. తమ పాటను తామే సభలకెక్కించి ఆ వెక్కిరింతకు జవాబు చెప్పినవారు నాష్‌విల్ నగరపు ఫిస్క్ విశ్వవిద్యాలయ విద్యార్థులు. 1871లో, తమ విద్యాలయము అప్పులలో మునుగుచుండగా, వారు ఊరూర పాడి ధనము కూర్చుటకు బయలుదేరిరి. వారిలో పలువురు బానిసలుగా పుట్టినవారే. పొలములలో, దాగుడు ప్రార్థనలలో పాడుకొనిన తల్లిదండ్రుల పాటలకు వారు గొంతుల వంతులమర్చి పాడిరి. 1873లో విక్టోరియా రాణి యెదుట పాడిరి. ఆ పేరనే నడచిన యొక బృందము లౌడిన్ నాయకత్వమున 1889-90 ప్రాంతములో మన దేశమునకును వచ్చెను.

ఇక మన సీమకు వత్తము. అమెరికావారి పాట మదనపల్లెకు చేరినది రంగస్థలముమీదుగా కాదు, గుడిమీదుగా. అమెరికా రిఫార్మ్డు సంఘపు ఆర్కాటు మిషను తరఫున జేకబ్ చేంబర్లేన్ 1863లో మదనపల్లె చేరెను. వైద్యము తెలిసినవాడు, తెనుగు నేర్చినవాడు. అప్పటికి మదనపల్లె తాలూకా కడప జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా యేర్పడినది 1911లో. ఇట్లు వచ్చిన మిషనరీలతో హార్మోనియము, నాలుగు వంతుల కీర్తనల పుస్తకము వచ్చినవి. తెలుగు క్రైస్తవులు మాత్రము రెండు చేతులతోను రెండు దారులను పట్టుకొనిరి. పురుషోత్తమ చౌదరి (1803-1890) మొదలగువారు రాగతాళములు నిర్దేశించి కీర్తనలు వ్రాసిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినచో పాట నెత్తిన రాగము, తాళము పేర్లు కనబడును. వాటి ప్రక్కనే ఆంగ్లపు బాణీలకు తెలుగు మాటలు పొదిగిన పాటలును నడచుచున్నవి. ఒకే ఆరాధనలో ఈ రెండును వినుట మన కోస్తా, సీమ గుళ్లలో సర్వసాధారణము.

నెల్లూరును గూర్చి ఇక్కడ ఒక మాట చెప్పక ముందుకు పోలేను. 1831 జూలై 4న బోస్టనులో బాలబాలికలు పాడిన 'అమెరికా' అను గీతమును వ్రాసినవాడు శామ్యూల్ స్మిత్. అతనికి జర్మను పాటల పుస్తకములిచ్చి మాటలు వ్రాయించి, పిల్లలచే పాడించినది పైన చెప్పిన లోవెల్ మేసనే. బాణీ నచ్చి స్మిత్ మాటలు కట్టెను. అది ఆంగ్లేయుల రాజగీతపు బాణీ యని అతడప్పుడెరుగడు! ఆ స్మిత్ 1853లో మరియొక పాట వ్రాసెను. అమెరికను బాప్టిస్టులు తమ నెల్లూరి కేంద్రమును మూసివేయుదమా యని ఆల్బనీ నగరమున చర్చించుచున్న సమయమది. పటముపై ఏకాకిగా నున్న నెల్లూరిని అతడు ఒంటరి నక్షత్రముతో పోల్చి వ్రాసిన గేయము విని సభవారి మనసు మారినదందురు. ఆ కేంద్రము మూతపడలేదు. అమెరికా దేశభక్తిగీతము వ్రాసిన చేయి మన పెన్న యొడ్డు యూరిని గూర్చి పాట వ్రాసినదనుట ఎందరికి తెలియును?

అనీబిసెంటు స్థాపించిన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు 1919లో ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్, ఐర్లండు కవి. ఆయన భార్య మార్గరెట్ 1878లో పుట్టి, 1902లో ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయమున సంగీతపట్టము పొందిన విదుషి. దంపతులు 1915లో ఈ దేశమునకు వచ్చిరి. ఆమె కేవలము పియానో పంతులమ్మ కాదు. స్త్రీలకు ఓటుహక్కు కొరకు ఐర్లండులోను, ఇంగ్లండులోను చెరసాల కేగిన మనిషి. 1917లో భారత మహిళాసంఘ స్థాపకురాండ్రలో ఒకరు.

1919 ఫిబ్రవరి చివరి దినములలో రవీంద్రనాథ టాగూరు విశ్రాంతికై మదనపల్లె వచ్చి కజిన్స్ దంపతుల యతిథియై యుండెను. ఒకనాటి సాయంకాలము విద్యార్థుల పాటల కూటమిలో తన పాట యొకటి పాడుదునని 'జనగణమన' యెత్తుకొనెను. జేమ్స్ కజిన్స్ తరువాత వ్రాసిన జ్ఞాపకములను బట్టి, తొలుత వారికది పర్వతములు, నదులు, దేశభాగముల పేర్ల పట్టికవలె తోచినదట. వంగభాష వారికి రాదుగదా! కాని పల్లవిలోని జయఘోష వచ్చుసరికి చెవులు నిక్కినవి. రెండవమారు గొంతులు సవరించుకొనిరి. మరల మరల పాడుమని అడిగి, కొలదిసేపటిలోనే అందరును కలిసి పల్లవి నందుకొనిరి. చరణము ఒకరు, పల్లవి అందరు. భజనకూటమిలో పెరిగిన మదనపల్లె కుర్రవానికిని, ఐర్లండు విదుషికిని ఇద్దరికిని తెలిసిన పద్ధతి అదొక్కటే, అక్కడ ఇద్దరును కలిసిరి.

ఫిబ్రవరి 28న టాగూరు ఆ పాటకు స్వయముగా ఆంగ్లానువాదము చేసి, 'భారతదేశ ప్రభాతగీతము' అను అర్థము వచ్చు పేరుపెట్టి యిచ్చెను. మార్గరెట్ కజిన్స్ దాని బాణీని పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసెను. కళాశాలలో అది నిత్యప్రార్థనాగీతమయ్యెను.

ఇప్పుడు తగవు తీర్పవచ్చును. బాణీ టాగూరుదే, 1911లో పాడినదే. వంగలిపిలో దాని స్వరములను దినేంద్రనాథ టాగూరు వ్రాసియున్నాడు. మదనపల్లెలో కొత్తగా జరిగినవి మూడు: కవి చేతి యనువాదము, ప్రపంచములో ఏ వాద్యకారుడైనను చదువగల స్వరలిపి, ఒక విద్యాలయము ప్రతిదినము కలిసి పాడు అలవాటు. నా మట్టుకు మూడవదే పెద్దదనిపించును. సభలో ఒకనాడు పాడిన పాటను నిలబెట్టునది కాగితముకన్న ఆ యలవాటే.

ఆ స్వరలిపి వ్రాయుట ఆమెకంత కష్టము కాకపోవచ్చును. 'జనగణమన' స్వరములు హిందూస్థానీవారి బిలావలునకు, మన శంకరాభరణమునకు చేరువైనవి. పాశ్చాత్యుల ప్రధాన స్వరమాలికయు అదే. ఎత్తుగడలో స, రి మెట్లెక్కి 'గ' మీద చాలసేపు నిలుచును. గొంతు లేనివాడును అంతవరకు రాగలడు. అదే పాట తోడిలోనో వరాళిలోనో యున్నచో, గమకమును గీతలమీద పెట్టలేక ఎంతటి విదుషియైనను కలము క్రింద పెట్టవలసి యుండెడిది. కృతులు పాడి పెరిగిన మన గాయకులకు నడిమి వంతు నేర్పి మైకు ముందు నిలబెట్టినచో, రెండవ చరణము నాటికి వారు మెల్లగా అసలు పాటలోనికి జారుకొందురు; ఇది స్టూడియోలో పనిచేయువారందరు ఎరిగిన సంగతి. వారి తప్పు కాదు. మన చెవికి పాట యొక్కటే.

1947లో న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ సందర్భమున మన ప్రతినిధివర్గమును జాతీయగీతమడిగిరి. వారియొద్ద నున్నది మదనపల్లె కాగితము కాదు, 'జనగణమన' గ్రామఫోను రికార్డు. దానిని వాద్యబృందమునకిచ్చి అభ్యాసము చేయింపగా, విన్న పలుదేశముల ప్రతినిధులు స్వరలిపి కావలెనని యడిగినట్లు 1948 ఆగస్టు 25న నెహ్రూ రాజ్యాంగసభలో చెప్పెను. జాతీయగీతమునకు మాటలకన్న బాణీ ముఖ్యమని ఆయన వాదము. పిమ్మట దానికి వాద్యబృందపు అమరిక చేసినవాడు బి.బి.సి. సంగీతశాఖకు చెందిన హెర్బర్టు మరిల్. ఈనాడు వాద్యముల మీద ఆ పాట కూడికల స్వరములతో మ్రోగును. మనము పాడునప్పుడు మాత్రము భజనవలె ఏకస్వరముననే పాడుదుము.

అమెరికాలో ఫాస్టరు పాటలకు అమరికలు ఆగలేదు. రాబర్టు షా, రోజర్ వాగ్నర్ బృందములు 20వ శతాబ్దపు నడుమ వాటిని కొత్తగా రికార్డుల కెక్కించినవి. మన వైపున చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ (1925-1988) మద్రాసు యూత్ కాయర్ స్థాపించి, పలు భారతీయభాషల పాటలకు గొంతుల వంతులు వేసి యువకులచే పాడించెను. మదనపల్లె నుండి ఆ దారి నేరుగా వచ్చినదని చెప్పుటకు ఆధారము లేదు గాని, నాడు జిల్లా యొక్కటే.

మార్గరెట్ కజిన్స్ 1932లో ఈ దేశపు స్వాతంత్ర్యము కొరకు మరల చెరసాల కేగెను. 1944 నుండి పక్షవాతముతో మంచము పట్టెను, 1954లో మరణించెను. 1950 జనవరి 24న రాజ్యాంగసభలో బాబూ రాజేంద్రప్రసాదు 'జనగణమన' జాతీయగీతమని ప్రకటించునాటికి ఆమె జీవించియే యుండెను. ఆనాడు సభ్యులందరు లేచి నిలువగా, పూర్ణిమా బెనర్జీయు మరికొందరు సభ్యులును కలిసి ఆ పాట పాడిరి.