రిలేకు కనిపించేది, కనిపించనిది

ఫీడర్ ట్రిప్ అయిందంటే రిలే పని చేసిందన్నమాట. సరిగానే పని చేసిందా అన్నది వేరే ప్రశ్న. రిలేల్లో తిరిగే బిళ్ల పోయి ట్రాన్సిస్టర్, ఆపైన మైక్రోప్రాసెసర్ వచ్చాయి. ఈ మార్పుతో ఏది మెరుగైంది, ఏది అలాగే ఉండిపోయిందన్నది కీసర వంటి శివారు మండలంలోని 11 కె.వి. ఫీడర్ దగ్గర నిలబడి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది.

మద్రాసులో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ తయారు చేసిన సి.డి.జి. రిలేలు దశాబ్దాలపాటు మన సబ్‌స్టేషన్ ప్యానెళ్లలో పని చేశాయి. గాజు మూత వెనక ఒక లోహపు బిళ్ల, దాని పైన ప్లగ్ సెట్టింగ్, టైమ్ సెట్టింగ్. కరెంటు హద్దు దాటితే బిళ్ల తిరిగి కాంటాక్ట్ మూసుకుంటుంది, బ్యాటరీ నుంచి బ్రేకర్ ట్రిప్ కాయిల్‌కు సరఫరా అందుతుంది, ఫ్లాగ్ పడుతుంది. షిఫ్ట్ ఆపరేటర్‌కు దాదాపుగా మిగిలే సాక్ష్యం ఆ ఫ్లాగే. టైమ్ సెట్టింగ్ 0.1 ఉంటే, హద్దుకు 2 రెట్ల కరెంటుకు సుమారు 1 సెకను, 10 రెట్లకు 0.3 సెకను పడుతుంది. నేటి న్యూమరికల్ (మైక్రోప్రాసెసర్) రిలే లెక్కగట్టేదీ ఈ వక్రరేఖనే. బిళ్ల పోయినా దాని నడక మాత్రం సాఫ్ట్‌వేర్‌లో బతికే ఉంది!

కంప్యూటర్‌తో లైన్ ప్రొటెక్షన్ సాధ్యమని రాకఫెల్లర్ 1969లో ప్రతిపాదించారు. 1984లో ష్వైట్జర్ సంస్థ డిజిటల్ రిలేను మార్కెట్లోకి తెచ్చింది. అసలు లాభం నా దృష్టిలో వేగం కాదు, రికార్డు. ట్రిప్‌కు ముందూ వెనకా తరంగ రూపాలను రిలే దాచిపెడుతుంది. దాంతో మీటర్లు, రిలేలు పరీక్షించే ఎం.ఆర్.టి. ఇంజనీర్లు ఊహించడం మాని చదవడం మొదలుపెట్టగలిగారు.

అయితే రికార్డు ఉన్నంత మాత్రాన నిర్ణయం సరైనదైపోదు. 2012 జూలై 30 తెల్లవారుజామున 400 కె.వి. బీనా–గ్వాలియర్ లైన్‌ను డిస్టెన్స్ రిలే మూడో జోన్‌లో తెంచింది. షార్ట్ సర్క్యూట్ ఏదీ లేదని విచారణ కమిటీ తేల్చింది. మితిమీరిన లోడే రిలేకు దూరపు ఫాల్ట్‌లా కనిపించింది. ఉత్తర గ్రిడ్ కూలింది. మర్నాడు తూర్పు, ఈశాన్య గ్రిడ్లతో కలిసి మళ్లీ కూలింది. దక్షిణ గ్రిడ్ అప్పట్లో గాజువాక వంటి డి.సి. లింకులతోనే మిగతా దేశానికి కలిసి ఉండటం మనకు కలిసొచ్చింది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైన్ ఆ ఎడబాటును ముగించింది.

బీనాలో లేని ఫాల్ట్ కనిపించింది. పల్లె ఫీడర్లో ఉన్న ఫాల్ట్ కనిపించకపోవచ్చు. కీసరగుట్ట చుట్టూ ఉన్నది గ్రానైట్ నేల. ఎండాకాలంలో తీగ తెగి పొడి రాతి మీద పడితే భూమిలోకి వెళ్లే కరెంటు చాలా తక్కువ. అమెరికాలో 12.5 కె.వి. లైన్ల విషయంలో ఇంజనీరింగ్ పత్రాలు తరచూ ఉదహరించే విలువలు చూడండి: పొడి ఇసుక మీద దాదాపు 0, ఎండుగడ్డి మీద 25, తడిగడ్డి మీద 50, ఇనుప చువ్వల కాంక్రీటు మీద 75 ఆంపియర్లు. 400/1 కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ (సి.టి.) ఉన్న ఫీడర్‌కు ఎర్త్ ఫాల్ట్ సెట్టింగ్ 20 శాతం పెడితే హద్దు 80 ఆంపియర్లు. వీటిలో ఒక్కటీ దాన్ని తాకదు. అక్కడి నేల, న్యూట్రల్ ఎర్తింగ్ మన వాటికి భిన్నం కాబట్టి ఈ అంకెలను యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. అవి చూపే దిశను మాత్రం కాదనలేం. సెట్టింగ్ బాగా తగ్గిస్తే ఫేజుల మధ్య లోడు తేడాకే ఫీడర్ పదేపదే పడిపోతుంది.

రిలేల పనితీరును అధ్యయనం చేసే పరిశోధకుడికి ఇక్కడ ఇంకో చిక్కుంది. రిలే సాధారణంగా తను కదిలిన సంఘటననే రికార్డు చేస్తుంది. తీగ నేల మీద పడి ఉన్నా కదలని రిలే జ్ఞాపకంలో ఆ పూట ఏమీ జరగనట్టే. అందుకే న్యూమరికల్ రిలేల పనితీరును వాటి సొంత రికార్డులతోనే కొలిస్తే ఫలితం అసలు కన్నా మెరుగ్గా కనిపించే ప్రమాదం ఉంది. ఆ రికార్డుల పక్కన సబ్‌స్టేషన్ లాగ్‌బుక్, తెగిన తీగల ఫిర్యాదుల రిజిస్టర్, లైన్‌మెన్ లైన్ క్లియర్ (ఎల్.సి.) తీసుకున్న సమయాలు పెట్టి సరిపోల్చాలి.