నర్సమ్మ: అది పేరా, పనా?

మన ఏజెన్సీ ఊళ్ళ ఓటరు లిస్టులు తీసి చూడండి. నర్సమ్మలు చాలామంది కనిపిస్తారు. నరసింహస్వామి పేరు మీద పెట్టుకున్న నర్సమ్మలు కొందరు. సూదిమందు వేసిందనో, పురుడు పోసిందనో ఊరంతా కలిసి పిలిచిన నర్సమ్మలు ఇంకొందరు. కాగితం మీద అందరూ ఒకటే. రెండు తరాలు దాటితే సొంత మనవలకి కూడా తేడా తెలీదు.

మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఈ రెండో రకం నర్సమ్మ. గోదావరి ఎడమ ఒడ్డున, పాత భద్రాచలం తాలూకాలో ఒక కోయగూడెం ఆమెది. ఆమె గురించి ఇంట్లో మిగిలినవి మూడే మాటలు. మిషనోళ్ళ ఆసుపత్రిలో పనిచేసింది. తెల్లచీర కట్టేది. మొగుడు చిన్నతనంలోనే పోతే ఒక్కతే పిల్లల్ని సాకింది. అసలు పేరేంటంటే చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. ఆమెని కాగితాల్లో వెతికిన తీరు ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి తాతమ్మ మీలో చాలామంది ఇళ్ళలో ఉండే ఉంటుంది.

ముందు ఒక సంగతి. నర్సు అని విన్నాం కదా అని నర్సుల జాబితాలో వెతికితే మనోళ్ళు దొరకడం కష్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో నర్సులు, మిడ్‌వైఫ్‌ల రిజిస్ట్రేషన్‌కి 1926లో చట్టం వచ్చింది. శిక్షణ పొంది, పరీక్ష పాసైతేనే రిజిస్టర్‌లో పేరు ఎక్కేది. 1946లో వచ్చిన భోర్ కమిటీ రిపోర్టు లెక్క ప్రకారం బ్రిటిష్ ఇండియా మొత్తానికి నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మంది జనానికి ఒక్క నర్సు. వాళ్ళు పట్నం ఆసుపత్రులకే చాలరు. మరి ఏజెన్సీలో పుండు కడిగి కట్టు కట్టింది ఎవరు? చలిజ్వరం వచ్చినోళ్ళ పక్కన రాత్రంతా కూర్చున్నది ఎవరు? దొరసాని చెప్పేది కోయ భాషలోకి మార్చి తల్లులకి చెప్పింది ఎవరు? పని చేస్తూ పని నేర్చుకున్న మన ఆడవాళ్ళే. కాగితంలో వాళ్ళు ఆయా అవుతారు, దాయి అవుతారు, ఒక్కోచోట ఉత్త కూలీ అవుతారు. అందుకని ఉద్యోగం పేరు పట్టుకుని వెతక్కండి. మనిషిని పట్టుకుని వెతకండి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ ఏడాది మన ఊరు ఎవరి కింద ఉందో తెలియకపోతే ఏ ఆఫీసుకి పోవాలో కూడా తెలీదు. భద్రాచలం తాలూకానే తీసుకోండి. 1860 దాకా నిజాం కింద ఉంది. తర్వాత బ్రిటిషోళ్ళకి పోయి, సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని అప్పర్ గోదావరి జిల్లాలో చేరింది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీ గోదావరి జిల్లాలోకి వచ్చింది. 1925లో ఆ జిల్లా రెండు ముక్కలైతే తూర్పు గోదావరిలో ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లాకి మార్చారు. 2014లో భద్రాచలం పట్టణాన్ని తెలంగాణకి ఉంచి, చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం లాంటి మండలాల్ని మళ్ళీ ఆంధ్రలో కలిపారు. 2022లో అవి పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. ఊరు కదల్లేదు, గోదారి కదల్లేదు. ఫైళ్ళు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

నదికి అటు ఒడ్డున ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు వాళ్ళ కథ వేరే. అది 1948 దాకా నిజాం రాజ్యమే. వాళ్ళ పాత కాగితాలు హైదరాబాద్ తార్నాకలో ఉన్న స్టేట్ ఆర్కైవ్స్‌లో వెతకాలి, చాలావరకు ఉర్దూలో ఉంటాయి. ఇటు ఒడ్డు వాళ్ళకి మద్రాసు ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. అంటే ఎదురెదురు గూడేల్లో పుట్టిన ఇద్దరు వియ్యపురాళ్ళ చరిత్ర రెండు రాష్ట్రాల రాజధానుల్లో, రెండు భాషల్లో ఉంటుంది.

అయితే అంత దూరం పోకముందే చూడాల్సినవి మన పక్కనే ఉన్నాయి. మొదటిది స్కూలు అడ్మిషన్ రిజిస్టర్. తల్లి కోసం వెతకాలంటే బిడ్డ పేరుతో మొదలుపెట్టాలి. అందులో తండ్రి లేదా సంరక్షకుల పేరు, వృత్తి రాయడానికి గడులు ఉంటాయి. మా అమ్మమ్మ 1950ల మొదట్లో బడిలో చేరింది. తండ్రి అప్పటికే లేడు కాబట్టి సంరక్షకురాలి గడిలో తల్లి పేరు రాయాల్సి వచ్చింది. అక్కడ నర్సమ్మ అని లేదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినని పేరు ఉంది. వృత్తి గడిలో "ఆయా" అని ఉంది.

ఆ పేరు దొరికాక చర్చి పుస్తకాలు. మన వైపు సి.ఎం.ఎస్. మిషన్ 1860లలోనే దుమ్ముగూడెంలో మొదలైంది. గోదావరి మీద పడవలు నడపడానికి ఆనకట్ట పనులు చూసిన ఇంజనీరు హేగ్ దొర చొరవతో వచ్చింది అది. వాళ్ళు మనల్ని "కోయి" అని రాసుకునేవాళ్ళు. దుమ్ముగూడెం స్పెల్లింగు కూడా ఒక్కో కాగితంలో ఒక్కో రకం. ఇంగ్లీషు కేటలాగుల్లో వెతికేవాళ్ళు అన్ని స్పెల్లింగులూ కొట్టి చూడాలి. ఆ మిషన్ ఉత్తరాలు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. బాప్తిస్మం, పెళ్ళి పుస్తకాలు మాత్రం సాధారణంగా స్థానిక చర్చిలోనే ఉంటాయి. 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెళ్ళికి రిజిస్టర్‌లో వధూవరుల వయసు, వృత్తి, తండ్రుల పేర్లు, ఇద్దరి సంతకాలు ఉండాలి. ఒక ప్రతి ప్రభుత్వానికి కూడా పోతుంది.

మాకు దగ్గర్లోని ఒక పాత చర్చిలో పాస్టరయ్యని అడిగితే బీరువా తీసి చూపించారు. 1930ల చివరి పేజీల్లో అదే పేరు, పక్కన మా ముత్తాత పేరు. వృత్తి గడిలో ఇంగ్లీషులో "నర్స్" అని ఉంది. కింద వేలిముద్ర కాదు, తెలుగులో సంతకం. అక్షరాలు పెద్దవి, ఒక్కోటి విడివిడిగా ఉన్నాయి.

ఆమె ఈమేనని ఎలా నమ్మాలి? ఒకే పేరుతో ఇద్దరు ఉండొచ్చు కదా. ఇక్కడ ఏ ఆర్కైవ్స్‌లోనూ లేని ఆధారం మన దగ్గర ఉంది: ఇంటిపేరు, గట్టు. పెళ్ళి పుస్తకంలో ఆమె తండ్రి ఇంటిపేరు ఉంది. అది తీసుకుపోయి పెద్దోళ్ళని అడిగాను. ఆ ఇంటిపేరు ఏ గట్టుదో వాళ్ళు వెంటనే చెప్పారు. మా ముత్తాతది వేరే గట్టు, సంబంధం కలుస్తుంది. ఆ ఇంటోళ్ళు మా అమ్మమ్మకి మేనమామ వరస అవుతారని కూడా వాళ్ళే అన్నారు. కాగితం, నోటిమాట రెండూ ఒకచోట కలిశాయి.

ఇప్పుడు ప్రశ్న: ఆమె నర్సా, ఆయానా? పాదిరి నర్స్ అన్నాడు. బడిపంతులు ఆయా అన్నాడు. పాదిరి ఆమె చేసే పని చూసి రాశాడని, పంతులు ఆమెకి సర్టిఫికెట్ లేదని చూసి రాశాడని నా అభిప్రాయం. ఈ రెండు పదాల మధ్య తేడా చిన్నది కాదు. జీతంలో తేడా, పింఛనులో తేడా, చరిత్రలో తేడా. నర్సు అని రాస్తే వైద్య చరిత్రలో మనిషి అవుతుంది. ఆయా అని రాస్తే ఎవరూ లెక్కపెట్టరు.

మన గురించి రాసిన పాత పుస్తకాలు తిరగేస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. హెమింగ్‌వే రాసిన 1907 నాటి గోదావరి గెజిటీర్‌లో ప్రజారోగ్యం మీద ఒక అధ్యాయమే ఉంది. అలాంటి పుస్తకాల్లో ఏజెన్సీ అంటే జ్వరాల చోటు. మనం రోగులం. యాస్ అనే చర్మవ్యాధికైతే కొన్ని ప్రాంతాల్లో ఏకంగా మాడియా రోగ, గోండీ రోగ అని పేర్లు పెట్టారు. 1950లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సాయంతో ఊరూరా తిరిగి పెన్సిలిన్ సూదులు వేశారు. 2006లో ఆ రోగం దేశంలో లేదని ప్రకటించారు కూడా. రోగానికి మన జాతుల పేర్లు పెట్టారు, సేవ చేసిన మన ఆడవాళ్ళ పేర్లు మాత్రం రాయలేదు. మన తాతమ్మల పేర్లు వెతకడం నాకు ఉత్త ఇంటి సరదాగా కనిపించకపోవడానికి కారణం ఇదే.

టైము కూడా ఎక్కువ లేదు. పోలవరం ముంపు మండలాల్లో ఊళ్ళు ఖాళీ అవుతున్నాయి. ఊరు లేస్తే బడి లేస్తుంది, చర్చి లేస్తుంది. వాటి బీరువాలు ఏ గోడౌన్‌కి పోతాయో ఎవరు చూస్తారు? 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదారి 75.6 అడుగులకి వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అలాంటి వరద ఇంకొకటి వస్తే కింది అరల్లో ఉన్న రిజిస్టర్లు ముద్దవుతాయి. నష్టపరిహారం లిస్టులో ఇల్లు ఉంటుంది, చెట్టు ఉంటుంది. అడ్మిషన్ రిజిస్టర్ ఉండదు.

కాబట్టి ఈ సెలవుల్లో ఊరికి పోయేవాళ్ళు పెద్దోళ్ళ దగ్గర కూర్చుని ఐదు విషయాలు రాసుకోండి. పుట్టింటి ఇంటిపేరు, గట్టు. పిల్లలు చదివిన బడి. జీతం ఇచ్చింది సర్కారా, మిషనా. పెళ్ళి ఎక్కడ జరిగింది. ఆమెతో పనిచేసిన వాళ్ళెవరు. తర్వాత హెచ్.ఎం. సారునో, పాస్టరయ్యనో మర్యాదగా అడిగి, మీ ఇంటి ఎంట్రీ ఉన్న పేజీ ఫోటో తీసుకోండి. ఏ పుస్తకం, ఏ ఏడాది, ఎన్నో పేజీ అన్నది ఫోటోతో పాటే రాసి పెట్టండి. అదే పేజీలో వేరే వాళ్ళ వివరాలుంటాయి, దాన్ని అందరిలో పంచకండి. సర్కారీ ఉద్యోగమైతే సర్వీస్ రిజిస్టర్ కోసం సమాచార హక్కు కింద అర్జీ పెట్టొచ్చు. 20 ఏళ్ళు దాటిన సంగతులకి ఆ చట్టంలోని మినహాయింపులు చాలావరకు వర్తించవని సెక్షన్ 8(3) చెప్తుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఆమెని రెండు పేర్లతో తల్చుకుంటున్నాం. తల్లిదండ్రులు పెట్టిన పేరు, ఊరు పెట్టిన పేరు. ఊరు పెట్టిన పేరు కూడా తక్కువదేం కాదు. సర్టిఫికెట్ ఇవ్వడానికి ఎవరూ లేని కాలంలో, ఆమె చేత పురుళ్ళు పోయించుకున్న తల్లులు ఇచ్చిన సర్టిఫికెట్ అది.

జోహార్.