పలాస–టెక్కలి సీమలో సెలూన్ పెట్టిన తొలి తరం

పలాస, టెక్కలి, నౌపడ, భావనపాడు పరిసరాల గతాన్ని చెప్పేటప్పుడు మందస జమీందారీ రైతుల పోరాటం, నౌపడ ఉప్పు, పలాస జీడిపప్పు తప్పక ప్రస్తావనకు వస్తాయి గాని, ఈ ఊళ్ల కూడళ్లలో అద్దమూ కుర్చీ వేసి సెలూన్ నడిపిన సామాన్యుడి ఊసు రాదు. అతడు కాగితాల మీద తన జాడ విడిచిపోలేదన్నది నిజమే అయినా, అతని జీవితం ఈ సీమలో వచ్చిన ఒక పెద్ద మార్పుకు సాక్ష్యం.

1936 వరకు గంజాం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంలో తెలుగు నాయీబ్రాహ్మణులతో పాటు భండారీలనే ఒడియా క్షురకులు కూడా ఉండేవారు. ఒక్కో కుటుంబానికి కొన్ని ఇళ్లు వంశపారంపర్యంగా కట్టుబడి ఉండేవి. ఆ ఇళ్లలో గడ్డాలు గీయడం మొదలు పుట్టువెంట్రుకలు తీయడం, పెళ్లిలో సన్నాయి ఊదడం, చావు కర్మల్లో గుండు గీయడం వరకు మగవారు చూసుకుంటే, చాలాచోట్ల ఆడవారు మంత్రసానులుగా పురుళ్లు పోసేవారు. ఇంత చాకిరీకి దక్కేది మేర, అంటే నూర్పిళ్లయ్యాక కళ్లంలోనే కొలిచి ఇచ్చే ధాన్యపు వాటా. పంట పోయిన ఏడు మేరా పోయేది. కత్తులు, ఆకురాయి దాచుకునే పొదిని చంకన పెట్టుకొని క్షురకుడే ఇంటింటికీ వెళ్లి, పెరట్లోనో అరుగు కిందో కూర్చుని పని చేసేవాడు. పిలిచినప్పుడు వెళ్లకపోవడం అతని చేతిలో ఉండేది కాదు.

1890లలో తూర్పు కోస్తా రైలు మార్గం, 1900లో నౌపడ–పర్లాకిమిడి చిన్న రైలు వచ్చాక, జీతం రూపాయల్లో తీసుకునే రైల్వే ఉద్యోగులు, గుమాస్తాలు, బడి పంతుళ్లు ఈ ప్రాంతంలో పెరిగారు. పిలక పోయి క్రాఫు వచ్చింది. పిలకకు కత్తి ఒక్కటే చాలు గాని, చుట్టూ పొట్టిగా కత్తిరించి పైన పాపిడి తీసే క్రాఫుకు కత్తెర, దువ్వెన, మెడవెనుక కత్తిరింపు కూడా చూసుకోవడానికి ఎదురూబొదురూ అద్దాలు, తల ఆనించే కుర్చీ కావాలి. ఇవన్నీ చంకన మోసుకుపోయేవి కావు కనుక పని ఒక గదిలో స్థిరపడింది, ఆ గదే సెలూన్. ఇక్కడ అవసరమున్నవాడే నడిచి వస్తాడు, తన వంతు కోసం బల్ల మీద ఎదురుచూస్తాడు, లేచేటప్పుడు డబ్బు చెల్లిస్తాడు. పని చేసేవాడు నిలబడతాడు, ఆసామి తల వంచుతాడు. పొరుగూళ్ల నుంచి వచ్చినవారికి పత్రిక చదివి వినిపించే చోటు, ఆ తర్వాత రేడియో వినే చోటు కూడా అదే అయింది. మంగళవారం సెలవన్న కట్టుబాటు, ఏ రోజున పని చేయకూడదో వృత్తివారే నిర్ణయించుకోగలిగారనడానికి గుర్తు.

అయితే సెలూన్ తెచ్చిన గౌరవం అందరికీ సమానంగా అందలేదు. పల్లెల్లో దళితులకు క్షవరం నిరాకరించిన ఆచారం పట్టణంలో సెలూన్ గడప దగ్గర కూడా కొనసాగింది. పై కులాల ఆసాములు పోతారన్న భయం అందుకు ఒక కారణమే గాని, అది సమర్థన కాజాలదు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం అంగడి అన్న మాటను నిర్వచిస్తూ క్షవరశాలను పేరుపెట్టి అందులో చేర్చింది, అస్పృశ్యత కారణంగా ఎవరికైనా సేవ నిరాకరించడాన్ని నేరం చేసింది. ఒక చిన్న దుకాణాన్ని దేశ చట్టం అలా ప్రత్యేకంగా పేర్కొనవలసి వచ్చిందంటే, సమానత్వానికి అది ఎంత పెద్ద పరీక్షగా నిలిచిందో తెలుస్తుంది.

కాలక్రమంలో సెలూన్‌లో సానపట్టే కత్తి పోయి, సగానికి విరిచిన బ్లేడును బిగించే పిడి వచ్చింది. ఎయిడ్స్ భయంతో ఒక్కొక్కరికి ఒక్కో కొత్త బ్లేడు వాడడం అలవాటైంది. కళ్లం మేర చాలా ఊళ్లలో కనుమరుగైంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జగనన్న చేదోడు పథకం కింద ఏటా 10,000 రూపాయల సాయం ప్రకటించినప్పుడు, నాయీబ్రాహ్మణులలో షాపు ఉన్నవారినే అర్హులుగా ఎంచింది.